కొండపల్లి వరసలో ఒక పోతరాజు

ఆషాఢంలో బోనాల పండుగ వచ్చిందంటే హైదరాబాద్, సికింద్రాబాద్ గల్లీల్లో పిల్లల కళ్లు బోనం కన్నా ముందు పోతరాజు మీద పడతాయి. ఒళ్లంతా పసుపు, నుదుట పెద్ద కుంకుమబొట్టు, కాళ్లకు గజ్జెలు, నడుముకు వేపమండలు, చేతిలో కొరడా. డప్పు దెబ్బకు అడుగు కలుపుతూ ఊరేగింపు ముందు నడిచే ఆ మనిషిని చూసిన పిల్లవాడికి ఆ రోజు మరో వీరుడు కనపడడు. కానీ బొమ్మల దుకాణానికి వెళ్లి పోతరాజు కావాలని అడిగితే ఉండదు. సినిమా వీరులుంటారు, విదేశీ సైనికులుంటారు, కుస్తీ వస్తాదులుంటారు. లేని బొమ్మను ఇంట్లో టేబుల్ మీద మనమే చేసుకోవచ్చు. అరచెయ్యంత ప్లాస్టిక్ బొమ్మను తీసుకుని, దాని మీద ముద్ద పెట్టి, చెక్కి, రంగులేసి మనకు కావలసిన మనిషిగా మార్చుకోవడాన్ని ఈ అభిరుచి ఉన్నవాళ్లు కస్టమ్ చేయడం అంటారు. ఎన్నడూ కుంచె పట్టనివాళ్లు కూడా మొదలుపెట్టగలిగేలా, ఒక్క పోతరాజునే ఉదాహరణగా తీసుకుని ఆ పని చెబుతాను.

కీళ్లు కదిలే ఈ బొమ్మలకు యాక్షన్ ఫిగర్ అనే పేరు 1964లో వచ్చింది. అమెరికాలో హాస్‌బ్రో సంస్థ జి.ఐ. జో అనే సైనికుడి బొమ్మను తెచ్చినప్పుడు, మగపిల్లలకు కొనే బొమ్మను ‘డాల్’ అంటే అమ్ముడుపోదని ఈ కొత్త మాట వాడింది. ఆ తొలి జో అడుగు పొడవు ఉండేవాడు. 1982లో వచ్చిన జో నాలుగు అంగుళాలకు కాస్త తక్కువ. వాడి వీపులో ఒక చిన్న స్క్రూ, నడుములో ఒక రబ్బరు చుట్టు ఉండేవి. స్క్రూ విప్పితే తల, చేతులు, కాళ్లు విడివిడిగా వచ్చేవి. ఒకడి తల ఇంకొకడి మొండానికి పెట్టిన పిల్లలందరూ ఈ కళలో మొదటి పాఠం నేర్చుకున్నవాళ్లే. మన దేశంలో ఫన్‌స్కూల్ సంస్థ అవే అచ్చులతో జోలను చేసి అమ్మింది. 1980, 90లలో పెరిగినవాళ్ల ఇళ్లలో అటక మీది డబ్బాలో ఒకటో రెండో ఇంకా దొరకవచ్చు.

అయితే ఈ పనికి కావలసిన క్రమం మనకు అమెరికా నుంచి రానక్కర్లేదు. విజయవాడ పక్కన కొండపల్లిలో తెల్లపొణికి కర్రతో బొమ్మలు చేసేవాళ్ల దగ్గర అది ఎప్పటినుంచో ఉంది. వాళ్లు కర్రను ఆరబెడతారు. మొండెం ఒకటిగా, చేతులు, చిన్న చిన్న భాగాలు వేరుగా చెక్కుతారు. చింతగింజల పొడి, రంపపు పొట్టు కలిపి నూరిన మక్కుతో వాటిని అతికి, అదే మక్కుతో ముక్కూ మడతలూ తీరుస్తారు. ఆరాక సున్నం పూస్తారు. అది కూడా ఆరాకనే రంగు. మనం చేయబోయేదీ అదే వరస. పొణికి కర్ర చోట ప్లాస్టిక్ బొమ్మ, మక్కు చోట ఎపాక్సీ ముద్ద, సున్నం చోట ప్రైమర్ వస్తాయి. కొత్తగా మొదలుపెట్టినవాళ్ల బొమ్మ చెడిందంటే, నేను చూసినంతలో, చేతివాటం లేక చెడిన సందర్భాలు తక్కువ. వరస తప్పడమో, ఒక పొర ఆరకముందే రెండోది వేయడమో కారణమై ఉంటుంది.

ముందు పునాది బొమ్మ. పోతరాజుకు పైన బట్ట ఉండదు, కండలు తిరిగిన ఒళ్లు. అందుకే కుస్తీ వస్తాదు బొమ్మంత అనువైనది లేదు. డబ్ల్యూడబ్ల్యూఈ వస్తాదుల బొమ్మలను మ్యాటెల్ సంస్థ 2010 నుంచి చేస్తోంది, ఆరేడు అంగుళాల పొడవుంటాయి. కొత్తది కొనకండి. పిల్లలు ఆడి వదిలేసిన, రంగు పోయిన బొమ్మ చాలు, ఎలాగూ ఆ రంగు కప్పేస్తాం. మొదటి ప్రయత్నంలోనే తీగతో అస్థిపంజరం కట్టి మనిషిని మొత్తం చెక్కుదామని కొందరు కూర్చుంటారు. నా సలహా, వద్దు. కండరాలు, కీళ్లు, నిలబడే తూకం అన్నీ ఒకేసారి తలకెత్తుకుంటే పని సగంలో ఆగిపోతుంది. వస్తాదు బొమ్మలో అవన్నీ సిద్ధంగా ఉన్నాయి. మనం మార్చాల్సింది ముఖం, జుట్టు, నడుము కింద బట్ట, అలంకారం.

ఆరంగుళాల బొమ్మను పన్నెండో వంతు కొలత అంటారు. లెక్క చాలా సులువు, నిజంలో అడుగు బొమ్మలో అంగుళం. ఆరడుగుల కొరడా ఆరంగుళాల తాడవుతుంది. ఆరు సెంటీమీటర్ల వేపాకు అర సెంటీమీటరు. అంగుళం మందమున్న గజ్జె రెండు మిల్లీమీటర్ల పూస. ఇదే లెక్క బట్ట దగ్గర పెట్టి చూడండి. ముద్దతో ఒక మిల్లీమీటరు మందం ధోవతి చేశామనుకుందాం. అది నిజంలో పన్నెండు మిల్లీమీటర్లు, అంటే బొంతంత మందం. కొత్తవాళ్లు చేసిన బొమ్మల్లో బట్టలు బరువుగా, దుప్పట్లు చుట్టినట్టు కనపడడానికి కారణం ఇదే. పట్టుకున్నప్పుడు పలచగా ఉన్నట్టే తోస్తుంది, కొలత మాత్రం వేరేమాట చెబుతుంది.

మన శిల్పులు కొలతకు తాళం అనే ప్రమాణం వాడారు. తాళమంటే ముఖం పొడవు. దాన్ని పన్నెండు భాగాలు చేసి ఒక్కో భాగాన్ని అంగుళం అన్నారు. ఈ అంగుళం స్కేలు మీది అంగుళం కాదు, బొమ్మను బట్టి మారుతుంది. నవతాళ విగ్రహం ఎత్తు 108 అంగుళాలు, ఉత్తమ దశతాళం 124. ఈ శాస్త్రమంతా మనకు అక్కర్లేదు కానీ అందులోని కిటుకు ఒకటి ఎంతో పనికొస్తుంది. పని మొదలుపెట్టే ముందు బొమ్మ ముఖం పొడవుకు సరిగ్గా ఒక కాగితం ముక్క కత్తిరించి పక్కన పెట్టుకోండి. మీసం, చెంపలు, జుట్టు అని ముద్ద పెడుతూ పోతే తల తెలియకుండానే పెరిగిపోతుంది. పూటకోసారి ఆ కాగితంతో సరిచూడండి. తల పెరిగిన పోతరాజు చిన్నపిల్లవాడిలా కనపడతాడు.

బొమ్మను సబ్బునీళ్లతో, పాత టూత్‌బ్రష్‌తో రుద్ది కడిగి ఆరబెట్టండి. అచ్చు నుంచి ఊడిరావడానికి ఫ్యాక్టరీలో పూసిన జిడ్డు, చేతుల నూనె ఉంటే ఏ పూతా పట్టదు. తల, చేతులు ఊడదీయాలంటే మరిగి దింపిన నీళ్లలో రెండు మూడు నిమిషాలు ఉంచితే మెత్తని ప్లాస్టిక్ సాగుతుంది, మెల్లగా లాగితే వస్తుంది. మోకాలు, మోచేయి కీళ్లలో గట్టి ప్లాస్టిక్ ఉంటుంది, అక్కడ బలం పెడితే పుటుక్కుమంటుంది. ఇక ముద్ద పెట్టబోయే చోట బ్లేడుతో అడ్డదిడ్డంగా గీతలు గీయండి. పాత గోడకు కొత్త గిలాబా పట్టాలని మేస్త్రీ గాట్లు పెడతాడే, అదే కారణం.

ఇప్పుడు ముద్ద. బజారులో రెండు జాతులున్నాయి. ఒకటి ఓవెన్‌లో కాల్చే పాలిమర్ క్లే, దానికి సుమారు 130 డిగ్రీల వేడి కావాలి. ఆ వేడికి ప్లాస్టిక్ బొమ్మ వంగిపోతుంది కాబట్టి మన పనికి వద్దు. రెండోది ఎపాక్సీ, రెసిన్, హార్డెనర్ అని రెండు ముద్దలుగా వస్తుంది. కలిపితే రసాయన చర్య మొదలై గది వేడిలోనే గట్టిపడుతుంది. పైపు కారితే వాడే ఎం-సీల్ ఆ జాతిదే. బొమ్మపనికి, గోడ మీది కుడ్యచిత్రాలకు అమ్మే ఫెవిక్రిల్ మౌల్డ్-ఇట్ లాంటివి మెత్తగా, నిదానంగా గట్టిపడతాయి కాబట్టి మొదటిసారికి అవే మేలు. వేరే దేశాల్లో ఉన్నవాళ్లకు మిల్లిపుట్, గ్రీన్ స్టఫ్ అనేవి దొరుకుతాయి.

రెండు ముద్దలూ పాకెట్ మీద చెప్పిన పాళ్లలోనే తీసుకోవాలి, చాలావాటికి సమపాళ్లు. నేను మొదటిసారి కంటి అంచనాతో కలిపాను. హార్డెనర్ తగ్గింది. వారం తర్వాత కూడా మీసం వేలికి అంటుకుంటూనే ఉంది, మొత్తం గీకేసి మళ్లీ పెట్టాల్సి వచ్చింది. రెండు ఒకే సైజు గోళీలు చేసుకుని పక్కపక్కన పెట్టి చూసి కలపండి. చారలు లేకుండా ఒకే రంగు వచ్చేదాకా పిసకాలి, మూడు నాలుగు నిమిషాలు పడుతుంది. చేతులకు తొడుగు తప్పనిసరి. పచ్చి ఎపాక్సీ పదేపదే చర్మానికి తగిలితే ఎలర్జీ రావచ్చు, ఒకసారి వచ్చిందంటే ఆ తర్వాత కొంచెం తగిలినా దురద మొదలవుతుంది.

కలిపిన ముద్ద మొదట జిగురుగా ఉంటుంది. పావుగంట, ఇరవై నిమిషాలు ఆగితే కాస్త బిగుస్తుంది, అప్పుడు పెట్టిన గీత పెట్టినట్టు నిలుస్తుంది. ఉపకరణాలు ఇంట్లోవే చాలు. టూత్‌పిక్, సూది గుచ్చిన పెన్సిల్, రీఫిల్ అయిపోయిన పెన్ను. వాటిని నీళ్లలో ముంచుతూ ఉంటే ముద్ద అంటుకోదు. మీసానికి సేమ్యా అంత సన్నని రెండు పోగులు చేసి, ఒక కొన సూదిగా లాగి, ముక్కు కింద చెరోవైపు అద్దండి. తర్వాత సూదితో వెంట్రుకల దిశలో గీతలు తీయండి. జుట్టుకు కూడా ఇంతే, అయితే వెంట్రుక వెంట్రుకగా గీయకండి. ముందు పాయలుగా విడగొట్టి, ఆ పాయల్లో మాత్రమే గీతలు గీస్తే జుట్టులా కనపడుతుంది.

ఇక్కడ ఒక నియమం పెట్టుకోండి, పూటకు ఒకే భాగం. ముందు మీసం తీరుస్తుంటే బొటనవేలు వెనక జుట్టును నొక్కేస్తుంది. చూసుకునేసరికి అది చదునైపోయి ఉంటుంది. ఇవాళ మీసం, రేపు జుట్టు, ఎల్లుండి ధోవతి అనుకుంటే ప్రతి రోజూ నిన్నటి భాగం రాయిలా ఉంటుంది, ధైర్యంగా పట్టుకోవచ్చు.

ధోవతికి ముద్దను ప్లాస్టిక్ కాగితం మీద టాల్కం పౌడరు చల్లి అప్పడంలా వత్తండి. చిరగనంత బిగిసేదాకా ఆగి, బ్లేడుతో కోసి నడుముకు చుట్టండి. మడతలు ఎక్కడ పడితే అక్కడ గీయకూడదు. బట్ట ఎక్కడ లాగబడుతుందో అక్కడినుంచే మడత పుడుతుంది. నడుము దగ్గర దోపిన చోటు, కాళ్ల మధ్య బిగించిన చోటు, వంగిన మోకాలు వెనక, ఈ మూడు చోట్ల నుంచి మడతలు విసనకర్రలా విచ్చుకుంటాయి. అద్దం ముందు లుంగీ కట్టుకుని మోకాలెత్తి చూస్తే పుస్తకం అక్కర్లేదు. ధోవతి గట్టిపడితే తుంటి కీలు ఇక కదలదు. కొందరు కీలు దగ్గర కోసి కదిలేలా ఉంచుతారు. మొదటి బొమ్మకు నేనైతే కాళ్లను చిందు భంగిమలో స్థిరంగా ఉంచి, చేతులు, మెడ మాత్రం కదలనిస్తాను.

అలంకారానికి ముద్ద కన్నా వేరే వస్తువులు మేలు. గజ్జెలకు రెండు మిల్లీమీటర్ల పూసలు దారానికి గుచ్చి చీలమండ చుట్టూ నాలుగు వరసలు చుట్టి సూపర్ గ్లూతో అతకండి. కొరడాకు సన్నని రాగితీగ మీద నూలుదారం మూడు పాయల జడలా అల్లి, నీళ్లు కలిపిన ఫెవికాల్ పట్టించండి. తీగ ఉంది కాబట్టి గాల్లో మెలిక తిరిగినట్టు వంచి నిలపవచ్చు. వేపాకులకు మామూలు రాసే కాగితమే సరిపోతుంది. కొసలు సూదిగా, ఒక పక్కకు కొద్దిగా వంపుగా కత్తిరించి, దారపు ఈనెకు అటూ ఇటూ అంటించాలి. ఒక మండకు పన్నెండు ఆకులనుకున్నా పది మండలకు 120 ఆకులు. రేడియో పెట్టుకుని రెండు సాయంత్రాలు కూర్చోవాలి. బొమ్మ చూసినవాళ్లు ముందు ముట్టుకునేది ఆ మండలనే.

అంతా గట్టిపడ్డాక గరుకు కాగితం పని. 400 నంబరుతో మొదలుపెట్టి 600, 800 దాకా వెళ్లండి. కాగితాన్ని తడిపి రుద్దితే ధూళి లేవదు, అయినా మాస్కు పెట్టుకోండి. కడిగి ఆరబెట్టి ప్రైమర్ వేయాలి. ప్రైమర్‌కు రెండు పనులున్నాయి. ప్లాస్టిక్, ముద్ద, దారం, కాగితం అన్నింటినీ ఒకే పొర కిందికి తెచ్చి రంగుకు పట్టునివ్వడం ఒకటి. తప్పులు బయటపెట్టడం రెండోది. లప్పం పెట్టిన గోడ మీద ప్రైమర్ పడ్డాకే మిట్టపల్లాలు తేలినట్టు, అప్పటిదాకా కనపడని వేలిముద్రలు, అతుకులు అన్నీ అప్పుడే తేలతాయి. అక్కడ ఆగి సరిచేసి మళ్లీ ప్రైమర్ కొట్టడానికి ఓపిక ఉండాలి. మెత్తని ప్లాస్టిక్ మీద కొన్ని స్ప్రేలు, ఇంటి తలుపులకు వేసే ఎనామిల్ రంగులు ఎన్నాళ్లైనా జిగురుగానే ఉండిపోతాయి, ప్లాస్టిక్‌ను మెత్తబరిచే ద్రవ్యం పైకి ఊరి పూతను ఆరనివ్వదు. అరికాలి మీద కొంచెం కొట్టి ఒక రోజు ఆగి, వేలికి అంటకపోతేనే మిగతా ఒంటికి కొట్టండి. స్ప్రే ఎప్పుడూ డాబా మీదే.

రంగులకు నీళ్లలో కలిసే ఆక్రిలిక్ వాడండి. అందులోని నీరు ఆవిరయ్యాక సన్నని ప్లాస్టిక్ పొరగా మారుతుంది, మళ్లీ నీరు తగిలినా కరగదు. సీసాలోంచి తీసినట్టే పూస్తే చెక్కిన గీతలన్నీ పూడిపోతాయి. పెరుగు కన్నా పలచగా, మజ్జిగ కన్నా కొంచెం చిక్కగా కలిపి రెండు మూడు పూతలు వేయాలి. మొదటి పూత మచ్చలు మచ్చలుగా, చూడబుద్ధి కాకుండా ఉంటుంది. అక్కడే భయపడి మందంగా పూసేస్తారు. అది ఆరనివ్వండి, మూడో పూతకు సర్దుకుంటుంది. కుంచె విషయంలో ఒక అపోహ ఉంది. చిన్న బొమ్మకు అతిచిన్న కుంచె కావాలనుకుంటారు. దానికి నిలిచే రంగు చుక్క బొమ్మను చేరేలోపే ఆరిపోతుంది. కొన సూదిగా నిలిచే 2 నంబరు గుండ్రని కుంచె ఒకటి మంచిది కొనుక్కుంటే సగం పని దానితోనే అయిపోతుంది.

పసుపు దగ్గరికి వద్దాం. పోతరాజు ఒంటి రంగు పసుపు కాదు, చామనఛాయ ఒంటి మీద పసుపు. ఈ తేడా గుర్తుపెట్టుకుంటే చాలు, బొమ్మకు ప్రాణం వస్తుంది. ముందు ఒళ్లంతా గోధుమరంగు చర్మం వేయండి. ఆరాక, పసుపురంగులో కాస్త తెలుపు, మట్టిపసుపు కలిపి, స్పాంజి ముక్కతో అద్దుతూ వెళ్లండి. ఉత్త పసుపురంగుకు కప్పే గుణం తక్కువ, ఆ రెండూ కలిస్తేనే కింది రంగును కప్పుతుంది. మోచేతి మడతల్లో, మోకాలి వెనక, మెడ ముడతల్లో, చెమట కారే వెన్ను గాడిలో అద్దకండి. చిందేసే మనిషి ఒంటి మీద పసుపు మొదట చెదిరేది అక్కడే. తర్వాత ఛాతీ, భుజాలు, కండల మిట్టల మీద మెరిసే పసుపు ఇంకో పలుచని పొర. నీడలకు నలుపు కలపకండి, పసుపులో నలుపు పడితే పాచిరంగవుతుంది. పలుచని ఎర్రమట్టి రంగును మడతల్లోకి జారనివ్వండి.

నీడలను రంగుతో ఎందుకు వేయాలని అడుగుతారు. నిజం మనిషి చంక కింద, గడ్డం కింద వెలుగు తగలక చీకటి ఉంటుంది. ఆరంగుళాల బొమ్మలో ఆ పల్లాలు మరీ చిన్నవి, వెలుగు చుట్టూ తిరిగి లోపలికి దూరేస్తుంది, బొమ్మ చదునుగా కనపడుతుంది. ఆ పోయిన నీడను మనం తిరిగి ఇస్తున్నాం. వేపాకులకు, జుట్టుకు, కొరడాకు మాత్రం ఇంకో పద్ధతి. కుంచెకు లేతరంగు అద్ది, కాగితం మీద దాదాపు పొడిగా అయ్యేదాకా తుడిచి, మిట్టల మీద తేలిగ్గా ఆడిస్తే అంచులు మాత్రమే మెరుస్తాయి.

కళ్లు చివర. కాటుక రంగుతో కంటి ఆకారం మొత్తం నింపండి, అంచున సన్నని గీత మిగిలేలా లోపల తెలుపు వేయండి. స్వచ్ఛమైన తెలుపు కాకుండా కొంచెం గోధుమ కలిపిన తెలుపు. టూత్‌పిక్ కొనతో నల్లగుడ్డు పెట్టేటప్పుడు దాని పైఅంచు పైరెప్పకు ఆనాలి. చుట్టూ తెలుపు కనపడితే భయపడ్డవాడి చూపు అవుతుంది. సూటిగా చూసే చూపు రెండు కళ్లలో సరిపోల్చడం కష్టం, కొంచెం పక్కకు చూస్తున్నట్టు పెడితే సులువు. కుదరకపోతే తడి కుంచెతో వెంటనే తుడిచి మళ్లీ వేయండి, నాలుగైదు సార్లు పట్టడం మామూలే. ఆఖరున ఒంటికి మెరుపులేని వార్నిష్, కళ్లకు, గజ్జెలకు మాత్రం ఒక చుక్క మెరిసే వార్నిష్. కీళ్లలో పూత రాసుకుని రాలకుండా పూర్తిగా గట్టిపడేదాకా వారం రోజులు చేతులు కదపకండి. ఇది అలమరాలో పెట్టుకునే బొమ్మ, నోట్లో పెట్టుకునే పసివాళ్లకు ఇవ్వకూడదు.

లెక్క వేస్తే మొత్తం పదిహేను గంటల చేతిపని, రోజుకు గంట చొప్పున రెండు వారాలు. మిగతా సమయమంతా ఆరబెట్టడానికే. ఆషాఢానికి వానలు పడుతుంటాయి, గాలిలో తేమ ఉన్నప్పుడు కొట్టిన వార్నిష్ మీద తెల్లని పొగలాంటి పొర తేలుతుంది. వచ్చే బోనాలకు మీ ఇంట్లో పోతరాజు నిలబడాలంటే వైశాఖం ఎండల్లోనే ముద్ద కలపండి.